చిన్న బండి మీద వీలీలు, స్టంట్లు నేర్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

100 నుంచి 200 సీసీ బండ్ల మీద స్టంట్లు నేర్చుకోవాలని ఉత్సాహపడే కుర్రాళ్లు, వాళ్ల గురించి బెంగపడే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇందులో చెప్పిన ప్రతిదీ జనం, వాహనాలు రాని ఖాళీ స్థలానికి, ఒంటి నిండా సేఫ్టీ గేర్ వేసుకున్నవాళ్లకు మాత్రమే. అడిగేవాళ్లలో చాలామందికి వీలీ, అంటే ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే నడపడం, ఎలా అన్నదే కావాలి. లేపడం తొందరగానే వచ్చేస్తుంది. లేచిన చక్రాన్ని మనం అనుకున్న క్షణంలో దించడానికి నెలల సాధన కావాలి. ఆసుపత్రి పాలయ్యేది కూడా ఎక్కువగా అది రానివాళ్లే. అందుకే ఈ పేజీలో చాలా మాటలు దించడం గురించే ఉంటాయి.

అన్నా, మొట్టమొదట ఏం ప్రాక్టీస్ చేయాలి?

వెనక బ్రేకు. ముందు చక్రం గాల్లో ఉండగా కాలి బ్రేకు కొద్దిగా నొక్కితే, నేల దగ్గర వెనక టైరును పట్టి లాగే బలం పుడుతుంది. ఆ బలం బండి బరువంతా ఉన్నచోటు కన్నా బాగా కింద పనిచేస్తుంది కాబట్టి బండి ముందుభాగం వెంటనే కిందికి దిగుతుంది. యాక్సిలరేటర్ వదిలినా దిగుతుంది గానీ, బండి ఒక హద్దు దాటి వెనక్కి వాలాక అది చాలదు. అప్పుడు వెల్లకిలా పడకుండా ఆపగలిగేది కాలి బ్రేకు ఒక్కటే.

మొదటి రోజుల్లో చక్రాన్ని జానెడు మాత్రమే లేపండి. లేచిందని తెలియగానే, ఇంకా లేపాలని ఎంత అనిపించినా సరే, బ్రేకు నొక్కి దించేయండి. మళ్లీ లేపండి, మళ్లీ బ్రేకుతోనే దించండి. చూసేవాళ్లకు ఇందులో గొప్పేమీ కనిపించదు. కానీ వెనక్కి పడుతున్నామని ఒంటికి తెలిసిన క్షణంలో, మెదడు ఆలోచించేలోపే పాదం నొక్కేయాలి. ఆ స్థితి వచ్చేదాకా ఇంకో పని పెట్టుకోవద్దు.

కొత్తగా నేర్చుకునేవాళ్ల కుడి పాదాన్ని పక్కన నిలబడి గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. క్లచ్ వదిలేదాకా బూటు పెడల్ మీదే ఉంటుంది. చక్రం లేవగానే బూటు ముందుభాగం పెడల్ నుంచి పైకి లేచిపోతుంది, మోకాలు బయటికి తెరుచుకుంటుంది. వెనక్కి వాలినప్పుడు కాళ్లు చాపడం మనిషి సహజ గుణం, అది తప్పు కాదు. మడమకు కాస్త ముందున్న భాగాన్ని ఫుట్‌రెస్ట్ మీద గట్టిగా ఆనించి, బూటు ముందుభాగం పెడల్‌ను తాకీ తాకనట్టు ఉంచితే ఇది తగ్గుతుంది. పెడల్ మరీ ఎత్తుగా ఉంటే మెకానిక్ చేత దింపించుకోండి. ఫోన్‌లో మీ ముఖాన్ని కాదు, మీ కుడి పాదాన్ని వీడియో తీయించుకోండి. ఏం తేడా జరుగుతోందో మీకే తెలుస్తుంది.

స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండితో వీలీ వస్తుందా?

యాక్సిలరేటర్ తిప్పినంత మాత్రాన రాదు. కారణం తేలికే. మనిషి కూర్చున్న మామూలు బండిలో బరువు కేంద్రం వెనక ఇరుసుకు ఎంత ముందు ఉంటుందో, నేలకు కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. అలాంటి బండి ముందు చక్రం ఊరికే లేవాలంటే, దాని వేగం ఒక్క సెకనులో దాదాపు 35 కిలోమీటర్లు పెరగాలి. 8 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అంత శక్తి ఎక్కడిది?

అందుకే చిన్న బండ్ల మీద క్లచ్ వాడతారు. క్లచ్ పట్టి ఇంజిన్‌ను తిప్పినప్పుడు క్రాంక్, దాంతోపాటు తిరిగే బరువుల్లో శక్తి నిలవ ఉంటుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే అదంతా వెనక చక్రానికి ఒక్క కుదుపులో చేరుతుంది. ముందు షాక్ అబ్జార్బర్లు కిందికి అణిగి పైకి లేస్తున్న క్షణంలో ఈ కుదుపు ఇస్తే అవి కూడా సాయం చేస్తాయి. ఈ రెండూ కలిస్తే 100 సీసీ బండి కూడా లేస్తుంది. అయితే ఆ తరగతి బండ్లకు చాలావరకు వెనక డ్రమ్ బ్రేకు ఉంటుంది. డ్రమ్ వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుంది, ఎంత నొక్కితే ఎంత పడుతుందో పాదానికి సరిగా అందదు. మన ప్రాణం ఉన్నదే ఆ బ్రేకులో కాబట్టి స్ప్లెండర్ మీద నేర్చుకోమని నేను చెప్పను. పైగా అది చాలా ఇళ్లలో నాన్న ఉద్యోగానికి వెళ్లే బండి.

మరి ఏ బండి మంచిది?

150 నుంచి 200 సీసీ మధ్య, వెనక డిస్క్ బ్రేకు ఉన్న సెకండ్ హ్యాండ్ బండి. అపాచీ ఆర్‌టీఆర్ 180, పల్సర్ ఎన్ఎస్ 200, 2012లో మన మార్కెట్‌లోకి వచ్చిన డ్యూక్ 200 మన దేశంలో స్టంట్లు చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తాయి. డ్యూక్ 200 తేలిక, సుమారు 25 హార్స్‌పవర్ ఇస్తుంది, హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది. కానీ కొత్తవాడి చేతిలో అదే ఇబ్బంది. అనుకున్నదానికన్నా వేగంగా లేస్తుంది. నా మటుకు నేను మొదటి బండిగా 160, 180 సీసీ అపాచీ లాంటివే చెబుతాను. క్లచ్ ఎలా వదలాలో అవి ఓపిగ్గా నేర్పుతాయి, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

ఆర్ఎక్స్100 గురించి చాలామంది అడుగుతారు. టూ స్ట్రోక్ కావడం, బండి తేలిగ్గా ఉండటం వల్ల చక్రం సరదాగా లేస్తుంది, నిజమే. అయితే 1996 తర్వాత అది తయారు కాలేదు. మంచి స్థితిలో ఉన్న ఆర్ఎక్స్100ను స్టంట్ల కోసం కింద పడేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

హోండా నవీ, యాక్టివా లాంటి వాటికి చేతి క్లచ్ లేదు. వాటి మీద ఈ పాఠాలేవీ నేర్చుకోలేరు.

ముందు సైకిల్ మీద నేర్చుకోమంటారు. నిజంగా పనికొస్తుందా?

వస్తుంది, చాలా. గేర్లున్న సైకిల్‌ను తక్కువ గేర్‌లో పెట్టి, కొంచెం ఎగువకు ఉన్న గడ్డి నేల మీద తొక్కుతూ ముందు చక్రం లేపండి. వెనక బ్రేకు లివర్ మీద ఒక వేలు ఉంచి దాంతోనే దించండి. బ్యాలెన్స్ ఎక్కడ నిలుస్తుందో, నడుము ఎలా కదలాలో సైకిల్ చెప్పేస్తుంది. వెనక్కి పడబోతే రెండు కాళ్ల మీద దిగి నిలబడొచ్చు. 140 కిలోల బండి మీద ఆ వీలు లేదు.

క్లచ్ వీలీ ఎలా చేయాలి?

పాదం పాఠం వచ్చిందనే నమ్మకంతో చెబుతున్నాను.

మొదటి గేర్, మనిషి పరిగెత్తేంత వేగం, అంటే 15 కిలోమీటర్లకు అటూ ఇటూ. సీటు మీద మామూలు కన్నా కొంచెం వెనక్కి కూర్చోండి. చేతులు నిటారుగా, కానీ బిగించకుండా. రెండు వేళ్లు క్లచ్ మీద, కుడి పాదం చెప్పినచోట. ఒక్క క్షణం యాక్సిలరేటర్ మూస్తే బండి ముందుభాగం కొద్దిగా అణుగుతుంది. అది పైకి వస్తుండగా క్లచ్ సగం పట్టి, యాక్సిలరేటర్ ఇచ్చి, క్లచ్ చటుక్కున వదలండి. చక్రం లేస్తుంది. లేవకపోతే తర్వాతిసారి ఇంజిన్‌ను ఇంకొంచెం తిప్పి వదలండి. చేతులతో హ్యాండిల్ లాగొద్దు. లాగితే బండి పక్కకు తిరుగుతుంది. వెనక్కి వాలే ఒంటితోపాటు కుడి మణికట్టు కూడా తిరిగి యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. పక్కటెముకలు విరిగేది సాధారణంగా ఇలాగే.

కొత్తవాళ్లు పట్టించుకోనిది ఇంకొకటుంది. చక్రం లేపడానికి కావలసినంత శక్తి, లేచాక అక్కర్లేదు. బండి నిటారయ్యేకొద్దీ బరువు కేంద్రం వెనక చక్రం మీదికి జరుగుతుంది, పైకి లేపే శక్తి తక్కువ సరిపోతుంది. లేపినప్పుడు ఇచ్చిన యాక్సిలరేటర్ అలాగే ఉంచితే బండి ఎక్కడా ఆగదు, నేరుగా వెల్లకిలా. లేచిన వెంటనే యాక్సిలరేటర్‌ను కొద్దిగా తగ్గించడం ఒంటికి అలవాటు కావాలి.

బ్యాలెన్స్ పాయింట్ అంటే ఏమిటి? అక్కడికి ఎప్పుడు వెళ్లాలి?

మీ బరువు, బండి బరువు కలిసిన కేంద్రం సరిగ్గా వెనక టైరు నేలను తాకేచోటికి పైన ఉండే స్థితి అది. అక్కడ బండి ముందుకూ పడదు, వెనక్కీ పడదు. నడకంత నెమ్మదిగా చాలాదూరం వెళ్లగలిగేది అక్కడే. 1991లో జపాన్‌కు చెందిన యసుయుకి కుడో 331 కిలోమీటర్లు ఒకే వీలీలో వెళ్లాడు. ఆయన వాడింది హోండా టీఎల్ఎమ్220ఆర్, 216 సీసీ ట్రయల్స్ బండి, అంటే రాళ్లు, అడ్డంకుల మీద నెమ్మదిగా బ్యాలెన్స్ చేస్తూ దాటే పోటీల కోసం చేసిన బండి. శక్తితో చేసే పనైతే ఆయన పెద్ద బండి తీసుకునేవాడు.

మీరు వెనక్కి కూర్చుంటే ఆ స్థానం కిందికి వస్తుంది, ముందుకు జరిగితే పైకి పోతుంది. ఇన్ని డిగ్రీలని బట్టీ పట్టడం వల్ల లాభం లేదు. మీకు తెలిసేది ఇలా: యాక్సిలరేటర్ ఇవ్వాలనే అవసరం ఒక్కసారిగా పోతుంది, ఇంజిన్ చప్పుడు నెమ్మదిస్తుంది, హ్యాండిల్ చేతుల్లో తేలికవుతుంది. అదే క్షణంలో భయం కూడా వేస్తుంది. అప్పుడు పాదం దానంతటదే నొక్కితే మీరు అక్కడికి వెళ్లడానికి తయారైనట్టు. పాదం బిగుసుకుపోతే ఇంకా కాలేదు. ఇందులో సర్దుబాటు లేదు.

నిలకడగా ఉండగలిగినవాళ్లు బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ ఒకదాని వెంట ఒకటి కొద్ది కొద్దిగా వాడుతూనే ఉంటారు. దూరం నుంచి చూస్తే బండి కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే వెనక డిస్క్ మీద ప్యాడ్లు పట్టి వదులుతున్న సన్నటి చప్పుడు ఆగకుండా వినిపిస్తుంది.

దిగేటప్పుడు దబ్బున పడుతోంది. హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటోంది.

యాక్సిలరేటర్ పూర్తిగా మూసేస్తున్నారు, లేదా బ్రేకు ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలేస్తున్నారు. బ్రేకుతో దించడం మొదలుపెట్టి, చక్రం నేలకు జానెడు దూరంలో ఉండగా కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి. మెత్తగా ఆనుతుంది.

హ్యాండిల్ కొట్టుకోవడానికి కారణం చక్రం వంకరగా దిగడం. దిగేముందు హ్యాండిల్ నేరుగా ఉండాలి. కొట్టుకోవడం మొదలైతే గట్టిగా పట్టి ఆపాలని చూడొద్దు. పిడికిలి వదులు చేసి, మోకాళ్లతో ట్యాంకును పట్టి, మెల్లగా సాగనివ్వండి. చక్రం గాల్లో ఉండగా ముందు బ్రేకు మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు. తిరగని చక్రం నేలను తాకిందంటే బండి అక్కడికక్కడే జారుతుంది.

ఎప్పుడూ ఎడమ పక్కకే వాలిపోతున్నాను.

చూపు. మీటరు బోర్డు వైపో, పైకి లేచిన చక్రం వైపో చూస్తుంటే ఇలా అవుతుంది. బండి పక్కనుంచి దూరంగా ఉన్న చెట్టునో స్తంభాన్నో చూడండి. రెండు చేతులూ సమానంగా ఉన్నాయా, క్లచ్ వదిలేటప్పుడు ఎడమ భుజం వెనక్కి పోతోందా అని వీడియోలో చూసుకోండి. కొద్దిపాటి వాలును ఎదురు వైపు ఫుట్‌రెస్ట్ మీద బరువు వేసి, మోకాలు తెరిచి సరిచేయవచ్చు. ఎక్కువ వాలితే సరిచేయాలని చూడకుండా దించేయండి.

సేఫ్టీ గేర్‌లో ఏది తప్పనిసరి, ఏది వదిలేయొచ్చు?

ఏదీ వదిలేయొద్దు. ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, దాని పట్టీ బిగించి. వీపును, వెన్నెముక కింది భాగాన్ని కాపాడే బ్యాక్ ప్రొటెక్టర్, ఎందుకంటే వెల్లకిలా పడినప్పుడు మొదట నేలను తాకేది తోక ఎముక. అరచేతుల దగ్గర గట్టి ప్యాడ్లున్న గ్లోవ్స్, పడేటప్పుడు ఎవరైనా చెయ్యే ఆనిస్తారు. మోకాలి, మోచేతి గార్డులు. చీలమండను కప్పే బూట్లు. చెప్పులతో ప్రాక్టీసుకు వచ్చినవాళ్లను నేను బండి ఎక్కనివ్వను.

బండికి క్రాష్ గార్డ్, వెనక '12 బార్' అని పిలిచే ఇనుప కడ్డీ వేయించండి. బండి మరీ వెనక్కి వాలితే ఈ బార్ నేలను గీరుతూ తిరగబడకుండా ఆపుతుంది. వెల్డింగ్ బలంగా ఉండాలి, ఛాసిస్‌కే పట్టి ఉండాలి. వీలైతే మణికట్టుకు తగిలించుకునే కిల్ స్విచ్ తాడు కూడా పెట్టించండి. మీరు బండి నుంచి విడిపోగానే ఇంజిన్ ఆగిపోతుంది.

పడితే ఏం చేయాలి?

బండి చెయ్యి దాటిందనిపిస్తే వదిలేయండి. హ్యాండిల్ పట్టుకుని వేలాడితే మీరు కిందా, బండి మీదా పడతారు. ఒంటరిగా ఎప్పుడూ ప్రాక్టీస్ చేయొద్దు. తోడు వచ్చినవాళ్లకు ముందే చెప్పాల్సినవి: పడ్డవాడిని వెంటనే లేపి కూర్చోబెట్టొద్దు. మెడ, వీపు నొప్పి అంటే, లేదా కాళ్లూ చేతులూ తిమ్మిరిగా ఉన్నాయంటే కదపొద్దు. ఊపిరి ఆడుతున్నంతవరకు హెల్మెట్ లాగొద్దు. 108కి ఫోన్ చేసి, ఆ స్థలానికి దారి చెప్పగలిగే మనిషిని మెయిన్ రోడ్డు మీదికి పంపండి. శివార్లలో ఖాళీ స్థలాలకు అంబులెన్స్ దారి వెతుక్కోవడంలోనే ఆలస్యమవుతుంది. తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నాననిపించినా ఆ రోజుకు బండి ఆపేసి డాక్టర్‌కు చూపించండి. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడొద్దు.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? మా ఊరి వెంచర్‌లో రోడ్లన్నీ ఖాళీగానే ఉంటాయి.

ఖాళీగా ఉంటే సరిపోదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం జనానికి వెళ్లే హక్కు ఉన్న ఏ చోటైనా బహిరంగ ప్రదేశమే, అది దారి కాకపోయినా సరే. అమ్మకానికి పెట్టి, ఎవరైనా వచ్చి చూసుకునే వెంచర్ రోడ్లు చాలావరకు ఈ కిందికే వస్తాయి. పైగా సాయంత్రం అక్కడ వాకింగ్ చేసేవాళ్లుంటారు, పిల్లలు సైకిల్ నేర్చుకుంటుంటారు.

కాంపౌండ్ ఉన్న సొంత స్థలం, యజమాని ఒప్పుకున్న గోదాము ఆవరణ, అనుమతి ఇచ్చిన కాలేజీ గ్రౌండ్ లాంటివి చూడండి. ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. గట్టి మట్టి నేల కన్నా సిమెంటు, తారు నేల మీద టైరుకు పట్టు సమానంగా ఉంటుంది. ప్రాక్టీసుకు ముందు నేలంతా నడిచి కంకర, సీసా పెంకులు ఏరేయండి. ఒక పక్క గోడ ఉంటే దాని వైపు కాకుండా, దానికి దూరంగా వెళ్లేలా గీత గీసుకోండి.

రోడ్డు మీద పోలీసులు పట్టుకుంటే ఏమవుతుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద ప్రమాదకరంగా నడిపినందుకు తొలిసారి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల దాకా, జరిమానా 10,000. అనుమతి లేకుండా రేసు పెట్టుకుంటే సెక్షన్ 189 వేరే ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 281 కింద క్రిమినల్ కేసు కూడా పెట్టవచ్చు. పాస్‌పోర్టుకో, ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు ఆ కేసు మళ్లీ ముందుకొస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా తెలుసుకోండి. బండి పాలసీ కాగితాల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటి వాటికి వర్తించదని మామూలుగా రాసి ఉంటుంది. కర్ణాటకలో తన నిర్లక్ష్యపు డ్రైవింగ్ వల్లే చనిపోయిన ఒక వ్యక్తి కుటుంబానికి పరిహారం రాదన్న హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి 2025 జులైలో సుప్రీంకోర్టు నిరాకరించింది.

చట్టం పక్కన పెట్టినా, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదో, విశాఖ బీచ్ రోడ్డు మీదో ముందు చక్రం లేపినప్పుడు మీకు ఎదురుగా ఏముందో కనిపించదు. రోడ్డు దాటుతున్న పెద్దావిడకు మీరు ఎంత నేర్పరో తెలియదు. మనకు ఇష్టమైన ఈ ఆటకు చెడ్డపేరు తెచ్చింది రోడ్డు వీలీలే. వాటిని నేను ఏ రకంగానూ సమర్థించను.

మా అబ్బాయికి 16 ఏళ్లు. వీలీ నేర్చుకుంటానని గొడవ చేస్తున్నాడు. ఏం చేయమంటారు?

ముందు చట్టం చెబుతాను. గేర్ల బండి లైసెన్సుకు 18 నిండాలి. మైనర్ రోడ్డు మీద నడుపుతూ పట్టుబడితే సెక్షన్ 199ఏ కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

కానీ "నోర్మూసుకుని చదువుకో" అంటే ఆ కోరిక పోదమ్మా, మీ కంటికి కనిపించని చోటికి పోతుంది. ఫ్రెండ్ బండి మీద, హెల్మెట్ లేకుండా, రాత్రిపూట. దానికన్నా మంచి సైకిల్ కొనిచ్చి దాని మీద నేర్చుకోమనండి. శ్రద్ధ ఉన్న పిల్లాడైతే ఏడాది తిరిగేలోపు అందులోనే మునిగిపోతాడు. 18 నిండాక శిక్షణ ఇచ్చే చోటికి మీరే వెంట తీసుకెళ్లండి. ఒక్కసారి గ్రౌండ్‌లో కూర్చుని చూస్తే మీ టెన్షన్ కూడా కొంత తగ్గుతుంది.

ఏబీఎస్ ఉన్న బండితో ఇబ్బందా? స్టాపీ ఎలా?

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. సింగిల్ చానెల్ అయితే అది ముందు చక్రానికే, వెనక బ్రేకు మామూలుగానే ఉంటుంది. వీలీలో ముందు చక్రం నెమ్మదించి వెనకది తిరుగుతుంటుంది కాబట్టి ఏబీఎస్ లైటు వెలగవచ్చు, కంగారు పడొద్దు. ప్రాక్టీసు కోసం కొందరు ఫ్యూజ్ తీసేస్తారు. ఆ తర్వాత మర్చిపోయి అదే బండి మీద వానలో ఇంటికెళ్తారు. రోడ్డు మీద తిరిగే బండికి ఫ్యూజ్ తీయొద్దు.

స్టాపీ, అంటే వెనక చక్రం లేపడం, వీలీ స్థిరంగా వచ్చాక మాట. అందులో తప్పు జరిగితే హ్యాండిల్ మీదుగా ముందుకు పడతారు. భుజం దగ్గరి కాలర్ బోన్ విరిగేది అలాగే. ముందు బ్రేకును లాగకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించాలి. వెనక చక్రం బెత్తెడు లేవగానే వదలాలి. ఇక్కడ కూడా వదలడమే ముందు నేర్చుకోవాలి.

బండికి ఏమేం పాడవుతాయి?

క్లచ్ ప్లేట్లు ముందుగా. తర్వాత చైన్ స్ప్రాకెట్ సెట్, హ్యాండిల్ కోన్ సెట్, ముందు ఫోర్క్ ఆయిల్ సీళ్లు. ప్రాక్టీసు అయ్యాక ఫోర్క్ రాడ్ మీద వేలితో రుద్ది చూడండి. నూనె ఉంగరంలా అంటుకుంటే సీలు పోయినట్టే. ఆ నూనె కిందికి కారి ముందు బ్రేకు ప్యాడ్లను తడిపిందంటే మర్నాడు రోడ్డు మీద బ్రేకు పట్టదు.

ఎక్కువసేపు నిటారుగా ఉంటే ఇంజిన్‌లో ఆయిల్ వెనక్కి చేరి పంపుకు అందకపోవచ్చు. అందుకే ప్రతిసారీ ఆయిల్ మట్టం చూడాలి, కొత్తలో పొడవాటి వీలీలు వద్దు. గాలితో చల్లబడే ఇంజిన్లు మొదటి గేర్‌లో నెమ్మదిగా తిరుగుతుంటే త్వరగా వేడెక్కుతాయి. మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి. మీకూ ఆ విరామం అవసరమే, అలసిన పాదం ఆలస్యంగా నొక్కుతుంది.

స్ప్రాకెట్ మార్చాలా?

మొదట్లో అక్కర్లేదు. క్లచ్ చేతికొచ్చాక ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గిస్తే చాలు. ఉదాహరణకు ముందు 14, వెనక 42 పళ్లున్న బండికి ముందు 13 వేస్తే, వెనక మూడు పళ్లు పెంచినంత తేడా వస్తుంది. చక్రం తేలిగ్గా లేస్తుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది. రోడ్డు బండికి సైలెన్సర్లు కోయడం, హ్యాండిల్ మార్చడం లాంటివి చట్టవిరుద్ధం. స్టంట్ బండి వేరే పెట్టుకుని, దాన్ని ఆటో ట్రాలీలో గ్రౌండ్‌కు తీసుకెళ్లడమే మంచి పద్ధతి.

వెనక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టుకుని చేయొచ్చా?

వద్దు. వెనక కూర్చున్న మనిషి చేతిలో బ్రేకు లేదు.

అమ్మాయిలు నేర్చుకోవచ్చా?

తప్పకుండా. బలంతో లాగే పని కాదని పైన చెప్పాను కదా. లక్నోకు చెందిన అనం హాషిం స్టంట్ రైడర్‌గా దేశమంతా పేరు తెచ్చుకుంది. 2015లో 110 సీసీ స్కూటీ జెస్ట్ మీద ఖర్దుంగ్ లా ఎక్కింది కూడా ఆవిడే. మనవైపు అమ్మాయిలకు నైపుణ్యం కన్నా ప్రాక్టీసుకు నిశ్చింతగా ఉండే చోటు దొరకడమే కష్టం. ఇద్దరు ముగ్గురు కలిసి, ఇంట్లో తెలిసిన స్థలంలో మొదలుపెట్టండి.

పద్ధతిగా నేర్పే చోట్లు ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే వీలీ అని పేరు పెట్టి నేర్పేవి తక్కువ. డాకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కర్ణాటకలో కోలారు దగ్గర నెలకొల్పిన బిగ్‌రాక్ డర్ట్ పార్క్‌లో ఆఫ్ రోడ్ శిక్షణ ఇస్తారు. రాయలసీమ నుంచి దగ్గరే. మట్టిలో నిలబడి నడపడం, అడ్డంకి ముందు చక్రం లేపి దాటడం, వెనక బ్రేకుతో బండిని అదుపు చేయడం అక్కడ నేర్చుకుంటే వీలీకి పునాది పడుతుంది. జర్మనీ స్టంట్ రైడర్ క్రిస్ ఫైఫర్ కూడా ట్రయల్స్ పోటీల నుంచే ఈ దారిలోకి వచ్చాడు. నెమ్మదిగా నడపగలిగినవాళ్లే స్టంట్లలో ముందుకెళ్తారని నాకు గట్టి నమ్మకం. పోటీల మీద ఆసక్తి ఉంటే చెన్నైలో ఉన్న భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, అంటే ఎఫ్ఎమ్ఎస్‌సీఐ, ఇచ్చే లైసెన్సు గురించి తెలుసుకోండి.

మేం అమెరికాలో చదువుకుంటున్నాం. ఇక్కడ అందరూ గ్రోమ్ అంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. హోండా 2013లో తెచ్చిన గ్రోమ్ 125 సీసీ బండి, బరువు 100 కిలోల చిల్లర, 12 అంగుళాల చక్రాలు, చేతి క్లచ్, వెనక డిస్క్. థాయ్‌లాండ్‌లో దీన్నే ఎంఎస్‌ఎక్స్125 అన్నారు. మన దేశంలో అమ్మలేదు గానీ అమెరికాలో విడిభాగాలు, 12 బార్లు, క్రాష్ గార్డులు తేలిగ్గా దొరుకుతాయి. పొట్టి బండి కావడంతో పాదం ఆలస్యమైతే క్షమించదు, అది గుర్తుంచుకోండి.

లైసెన్సు కోసం ముందు ఎంఎస్‌ఎఫ్, అంటే మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్, బేసిక్ కోర్సు చేయండి. క్లచ్, బ్రేకు మొదటి నుంచి సరిగా నేర్పుతారు. రాత్రి ఖాళీగా కనిపించే షాపింగ్ పార్కింగ్ స్థలాలు కూడా ఎవరివో ఒకరివే, అడగకుండా వెళ్తే పోలీసులు వస్తారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఒక్క కేసు ఎంత దూరం వెళ్తుందో మీకు తెలుసు. బండి కొనేముందే మీ హెల్త్ ఇన్సూరెన్స్ ఇలాంటి గాయాలకు వర్తిస్తుందో లేదో పాలసీ చదివి చూసుకోండి. కొన్న మొదటి వారంలోనే బ్రేకు పెడల్ ఎత్తు మీ బూటుకు సరిపోయేలా పెట్టించుకోండి.